ఆది చొక్కా

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. అందుకే వీధి వీధంతా టేపు పిన్ని అంటుంది. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన ఆ మోకాళ్లే చివరికి ఎదురు తిరిగాయి. అరిగిపోయాయన్నాడు డాక్టరు. నేల మీద ఎలాగో నెట్టుకొస్తోంది కానీ, మెట్లంటేనే ప్రాణం మీదికొస్తోంది.

ఆమె దిగులంతా ఆ మెట్ల పైనే ఉంది. ఆమె ఉండే భవనంలోనే పై అంతస్తులో అన్నయ్య ఉంటాడు. ఆయాసంతో ఆయన దిగలేడు, మోకాళ్లతో ఈమె ఎక్కలేదు. కబుర్లన్నీ ఫోనులోనే. కొత్త చొక్కా కావాలంటే కొలతకు పాతది ఆదిగా కోడలి చేత పంపుతాడు. ఎలా ఉన్నాడే అని అడిగితే, బాగానే ఉన్నారు అంటుందా కోడలు, కళ్లు తిప్పుకుని.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి పిన్ని తొడ మీద ప్యాడ్లు అతికించి కరెంటు పెట్టేది. కండరం దానంతటదే బిగుసుకునేది. "అది లాగినప్పుడల్లా మీరూ బిగించి కాలు చాపాలి పిన్నీ" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లేది. పిన్నికి తెలివితేటలకు కొదవలేదు, అదే వచ్చిన తంటా. హాయిగా కళ్లు మూసుకునేది.

వారాలు గడిచినా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయింది. అమ్మాయికి అనుమానం వచ్చి, కరెంటు నడుస్తుండగా తొడ మీద చెయ్యి వేసి చూసింది.

"పని అంతా కరెంటే చేస్తోంది. మీరేం చేస్తున్నారు?"

"మిషనుకి మోటారు బిగించాక ఇంకా కాళ్లతో తొక్కుతారా ఎవరైనా?"

అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "మోటారు లేనప్పుడు ఎలా కుట్టేవారు?"

"చేత్తో చక్రం ఓ తిప్పు తిప్పితే, వెంటనే కాలు అందుకోవాలి. లేకపోతే వెనక్కి తిరిగి దారం తెగు..." పిన్ని నాలిక్కరుచుకుంది.

"ఈ కరెంటు ఆ చెయ్యి అనుకోండి. అందుకోవాల్సింది మీరే."

ఆనాటి నుంచి కరెంటు లాగిన ప్రతిసారీ పళ్ల బిగువున కాలు చాపింది. ఇంట్లో కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, చిన్న పీట ఎక్కి దిగడం. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, తొడకు పట్టు దొరికింది.

ఒక ఉదయం మెట్ల కమ్మీ పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ, పై అంతస్తు చేరింది. కిటికీ దగ్గర కుర్చీలో అన్నయ్య ఉన్నాడు. తను కుట్టిన చొక్కా ఆయన భుజాల మీంచి జారిపోతోంది. ఆది చెప్పిన కొలతకీ, ఆ ఒంటికీ పొంతనే లేదు.

"ఇంతలా చిక్కిపోయి, ఆ పాత చొక్కానే పంపుతున్నావా?"

"కొలత తగ్గిందంటే కింద కూర్చుని ఏడుస్తావు. పైకి రాలేవు కదమ్మా."

ఇప్పుడు పైకొచ్చి మరీ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, మెడలోంచి టేపు తీసింది.

"ఇంక ఆది పంపకు. కొలతకి నేనే వస్తాను."

అన్నయ్య మెల్లగా లేచి నిలబడి, బుద్ధిగా రెండు చేతులూ పైకెత్తాడు.