వంకను రోడ్డన్న అల్లుడు

మా చేను పక్క వంకలో ఎండాకాలం నీళ్లు కనబడవు, ఇసుకే కనబడుతుంది. ఆ ఇసుకను మోకాటి లోతు తవ్వి చెలమ చేస్తాం. కాసేపటికి నీరు ఊరుతుంది. బోర్లు ఎండినప్పుడల్లా మా వీధి ఆడవాళ్లం తాగింది ఆ నీళ్లే.

పోయిన వేసవిలో ఒక పొద్దున బిందె తీసుకుని వెళితే చెలమ లేదు. దాని మీద టైర్ల అచ్చులున్నాయి. వెనకే ఇంకో ఖనిజం లారీ వస్తోంది. చేయి అడ్డం పెట్టి ఆపాను.

"యాడికప్పా, వంకలో?"

"వంకేందమ్మా? ఫోన్లో రోడ్డని చూపిస్తాండాది," అన్నాడు డ్రైవరు.

మాది కన్నడ సీమ. నేను ఆ అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు పుట్టాకే. అతని ఫోన్ తీసుకుని కూడబలుక్కుని చదివాను. మా వంక మీద మట్టిరోడ్డు అనే ఉంది.

ఆ ఆదివారం టౌన్లోని గాంధీనగర్ నుంచి కూతురు, అల్లుడు వచ్చారు. కూతుర్ని అడిగాను. ఆ మ్యాపు ఏ సర్కారు ఆఫీసూ గీసింది కాదట, ఎవరైనా గీయవచ్చట, ఎవరైనా దిద్దవచ్చట.

"మరి మన వంకను దిద్దిందెవరే?"

అది మొగుడు కూర్చున్న వైపు చూసింది. అల్లుడికి రెండు లారీలున్నాయి. వంకలో దిగితే చోరనూరు మీదుగా చుట్టు తిరగాల్సిన పని తప్పుతుంది.

మా ఇళ్లలో అత్త అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడదు. తలుపు చాటున ఉండి, కూతురితో అంటున్నట్టు అంటుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను.

"చెప్పే మీ ఆయనకి, అది వంకని."

అతనూ కూతురికే చెప్పాడు. "మీ అమ్మకి చెప్పు. దాంట్లో నీళ్లు పారేది యేడాదికి నాలుగు దినాలు. మిగతా దినాలంతా బండ్లే పోతాండాయి. మీ నాయన తోల్లేదా ఎడ్లబండి? బండి పోయేది బాట కాకపోతే ఏందంట?"

ఒళ్లు మండింది. తోలిన మాట నిజమే. కానీ మా ఆయన చెలమను తప్పించి తోలాడు. లారీ తొక్కితే ఇసుక బండలా గట్టిపడుతుంది, ఇక నీరు ఊరదు. చాటు వదిలి వెళ్లి అతని ఎదుట నిలబడ్డాను.

"ఏమప్పా, మీరు మా ఇంట్లో అన్నం తినేది యేడాదికి నాలుగు దినాలే. మిగతా దినాలు మీరు మాకు అల్లుడు కాదా?"

కూతురు "అమ్మా!" అంది. దాని ఫోన్ అడిగాను. మ్యాపులో మా వంక ఉన్న చోటు తెరిచి ఇచ్చింది. నది, హళ్ళ, కాలువ, మురుగుకాలువ అని కన్నడంలో వరుసగా ఉన్నాయి. వంకను కన్నడంలో హళ్ళ అంటారు. దాన్ని నొక్కాను. ఏడాదంతా నీరుంటుందా అని ఫోన్ అడిగింది. ఉండదని నొక్కాను. ఒప్పుకుంది. నీళ్లు లేనప్పుడు కూడా వంక వంకేనని ఆ మ్యాపుకే తెలుసు. అల్లుడికి తెలియక కాదు, అదే నాకు మంట.

అతను విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు. వారం తిరగకుండా వంక మళ్లీ రోడ్డయింది. ఈసారి నా ఫోన్లోనే మార్చాను. మళ్లీ రోడ్డయింది. మా వీధి ఆడవాళ్లం పోయి లారీలు దిగే చోట బండగుండ్లు దొర్లించాం.

నిన్న కూతురు ఫోన్ చేసింది. "ఆయప్ప ఎదురుగా నిలబడి అన్న్యావు. తప్పయిందని ఒక మాట అనమ్మా, ఇంటికొస్తాడు."

"అంటా. ముందు వచ్చి నా చెలమ తవ్వి పొమ్మను," అన్నాను.