ఉప్పునీళ్లలో రెండో వలయం

మొన్న చిక్కడపల్లి గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే ఒక వార్త కనబడింది. సెకనులో ఊహకందనంత చిన్న తునకపాటు ఎక్స్-రేలను ద్రవంలోకి వదిలి, అవి చెదిరిన తీరును బట్టి లోపల ఎలక్ట్రాన్ల కదలికనే బొమ్మకట్టారట. పక్కన గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న హాస్టల్ అమ్మాయి తొంగిచూసి, "ఇది పరీక్షల బిట్టుగ వస్తదా మేడం? జర అర్థమయ్యేటట్టు చెప్పరా?" అంది. చెప్పాను. చెబుతుంటే నోరు చేదెక్కింది.

మన కాలంలో ద్రవాల జోలికి ఎవరు పోయేవారు చెప్పండి? స్ఫటికమైతే చుక్కలు చుక్కలుగా చక్కటి బొమ్మ వస్తుంది. నీళ్లయితే మసకమసకగా ఒక వలయం, అంతే. అయినా నేను అశోక్‌నగర్‌లో మా పిన్ని ఇంట్లో ఉంటూ, రెండు బస్సులు మారి ప్రయోగశాలకు వెళ్లి, సన్నటి గాజుగొట్టంలో ఉప్పునీళ్లు పోసి, వెనుక ఫిల్ము బిగించి, రెండేసి రోజులు ఎక్స్-రేలు పడనిచ్చి, దాన్ని కడుగుతూ ఏమొస్తుందోనని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఒకసారి పెద్ద వలయానికి లోపల మరో పల్చటి వలయం వచ్చింది. ఉప్పు పెంచినకొద్దీ అది తేటపడింది, అంటే నీళ్లలో ఉప్పు కణాలు ఒక క్రమంలో సర్దుకుంటున్నాయన్నమాట. నా పీహెచ్‌డీ గైడుగారు ఫిల్మును కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, అది మరక, నీకు కడగడం చేతకాలేదని పక్కన పడేశారు. నేను పదిసార్లు తీసి, పది ఫిల్ములూ ఆయన బల్ల మీద పెట్టాను.

ఏడాది తిరక్కుండా ఆ మరకే పరిశోధన పత్రికలో అచ్చయింది, ఆయన పేరుతో, ఆయన అల్లుడి పేరుతో. ఆ అల్లుడు ఒక్కనాడూ ఫిల్ము ముట్టిన పాపాన పోలేదు. వెళ్లి అడిగితే, వక్కపొడి నములుతూ నవ్వారు. "రేపు పెళ్లయితే ఇంటిపేరే మారిపోతుంది, పేపరు మీద పేరెందుకమ్మా నీకు?"

ఆ నవ్వు, ఆ వక్కపొడి వాసన తలచుకుంటే ఇప్పటికీ రోత. పరిశోధన మానేసి నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతికాను.

అంతకంటే రోత నా మీద నాకే. ఆయన పదవీ విరమణ సన్మానానికి బాగ్ లింగంపల్లిలో నన్ను వేదిక ఎక్కిస్తే, నా విద్యార్థినులంతా చూస్తుండగా, నా చదువంతా గురువుగారి భిక్ష అని మైకులో చెప్పి, శాలువా కప్పి, కాళ్లకు దణ్ణం పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఇంటికొచ్చి ఎంతసేపు చేతులు కడుక్కున్నానో!

ఇప్పుడు ఒక్కో పరిశోధన వ్యాసానికి యంత్రం తిప్పినవారి దగ్గర నుంచి అందరి పేర్లూ వరసగా ఉంటున్నాయట. సంతోషమే. మన తరం వాళ్లం మాత్రం, పెద్దవారు పోనీలే అని నోరు మూసుకోవడాన్నే సంస్కారమనుకున్నాం. కాదని నాకు తెలిసేసరికి, నిలదీయవలసిన మనిషి పోయాడు.