అత్త ఎత్తిన కుడిచెయ్యి

అత్త పోయిందని మొన్న పొద్దున తోటపల్లి గూడూరు దగ్గరున్న మా ఊరి నుంచి ఫోనొచ్చింది. నేను మొదట అడిగిన మాట, "ఆమె మరిది ఏడ్చినాడా?" అని. ఏడ్చాడట. వినగానే నా ఏడుపు ఆగిపోయింది, ఒళ్లు మండింది.

మా నాన్నకు అక్క ఆమె. పడవలు ఒడ్డుకు రాగానే జరిగే చేపల వేలంలో ఆమె చెయ్యి లేచిందంటే పక్కవాళ్లు ఆలోచనలో పడేవాళ్లు. పక్షవాతంతో ఆ కుడిచెయ్యి పడిపోయింది. ఎడమ చెయ్యెత్తి వేలం పాడితే గంగమ్మకు కోపమని మా ఒడ్డున నమ్మకం. మరిదికి అదే సందయింది. "లేవని చేతికి పాటెందుకు వదినా, ఇంట్లో కూర్చో," అని ఆ చోట పెళ్లాన్ని నిలబెట్టాడు. మొగుడు లేని మనిషికి ఆ పాటే బతుకని అతనికి తెలుసు.

నేను నెల్లూరులో ఫిజియోథెరపీ చేయిస్తాను. ఒక కాలేజీ వాళ్లు వ్యాయామం చేసే రబ్బరు బ్యాండ్లు తెచ్చి, రోగులతో వాడించి చూడమన్నారు. మేకు అక్కర్లేదు. చివర బల్లి పాదాన్ని చూసి తయారుచేసిన పట్టీ ఉంటుంది, గోడకు అద్దితే అతుక్కుంటుంది, ఇక లాగడమే. ఒకటి ఊరికి తీసుకెళ్లి అత్తకిచ్చాను.

"బల్లి మీద పడితే తలకి పోసుకుంటాం. నువ్వు దాన్నే తెచ్చి చేతికిస్తావా?" అంది.

సున్నం గోడకు అద్దితే సున్నంతో సహా ఊడొచ్చింది. నున్నటిది కావాలని నేనన్నానో లేదో, సరాసరి మరిది ఫైబర్ పడవ దగ్గరికి నడిచింది. అక్కడ అతుక్కుంది. ఇక రోజూ అతను వల సర్దుకునే వేళకే వెళ్లేది. పట్టీని మంచినీళ్లతో కడిగి, కొంగుతో పడవ తుడిచి అద్దేది. లాగిన ప్రతిసారీ అతన్ని ఒక తిట్టు తిట్టేది. పక్కకు పొమ్మంటే, "పరీక్ష జరగతా ఉండాది, కనపళ్లా?" అనేది.

"కాలేజీ వాళ్లకు ఎట్లుందని రాసేది అత్తా?" అని అడిగాను.

"నా పగ మాదిరి పట్టుకోనుండాదని రాయి."

అలాగే రాసిచ్చాను.

చెయ్యి భుజం దాటి లేచాక వేలానికి పోయింది. ఆ రోజు వంజరం చేపల గంప. తోటికోడలు పాడినప్పుడల్లా అత్త కుడిచెయ్యి వణుకుతూనే పైకి లేచింది. ధర కొండెక్కాక దించేసి, "తీసుకో చెల్లా, నీకే కావాలి గదా," అంది. ఆ గంప మీద వచ్చిన నష్టానికి మరిది మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి ఆ చోటు మళ్లీ అత్తదే. క్షమించడం గొప్ప గుణమంటారు. క్షమించి ఉంటే అత్త మంచంలోనే పోయేది. మంచాన పడి ఏడ్చేవాళ్లను ఇప్పుడు నేను ఊరికే ఓదార్చను, ఎవరి మీద కోపముందో అడుగుతాను. అది ఆమె నేర్పిందే.

నిన్న పాడె లేపేటప్పుడు మరిది భుజం ఇవ్వడానికి ముందుకొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో మామా."

"పోయినామెతో పగేందమ్మా?"

"పోయింది అత్త. నేనుండాను."

వేరే భుజం వచ్చి పాడె కిందికి చేరింది. సముద్రం పక్కగా అందరం నడిచాం. కొంతదూరం పోయాక తిరిగి చూశాను. మరిది తడి ఇసుకలో ఒక్కడే నిలబడి, కండువా భుజాన వేసుకోవాలో నడుముకు చుట్టుకోవాలో తేలక చేతుల్లో నలుపుతూ ఉన్నాడు.