ఇంజిన్‌కు తలస్నానం

మా వాడకట్టులో ఇప్పటికీ ఎవరి బండి మొరాయించినా బానెట్ ఎత్తకముందే నా వైపు చూస్తారు. "బిడ్డా, నువ్వేమన్న కడిగినవా?" అని అడుగుతారు. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, బడిలో సైన్సు టీచర్‌గా పేరూ వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇబ్రహీంపట్నంలో ఒక దసరా పొద్దున, ఇంటిల్లిపాదినీ వీధిన నిలబెట్టి, పండగ పూట నలుగురినీ నవ్వించి, కన్నతండ్రి చేత జీవితంలో మొదటిసారి అబద్ధాలాడించిన ఘనత నాది. మీరూ నవ్వుకోండి, నేనేమీ అనుకోను, అలవాటైపోయింది.

మా బాపు ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు. అంతకాలం ఊరందరినీ ఎక్కించుకుని తిప్పినవాడికి సొంతానికి సైకిలు తప్ప ఇంకేమీ లేదు. కందుకూరులో మా పెద్దత్త ఉండేది. బాపుకు అక్క. చిన్నప్పుడే తల్లి పోతే బాపును సాకింది ఆమే. తమ్ముడి బస్సు ఎక్కిన ప్రతిసారీ డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఒకటే సణుగుడు: "ఇంత పెద్ద బండి నడుపుతవు, ఒక్కనాడన్న నన్ను నా గడప ముంగట దింపినవా రా?" గడప ముందుకు బస్సు పోతుందా చెప్పండి! కానీ ఆ మాట బాపుకు ముల్లులా గుచ్చుకునేది. తర్వాత అత్తకు మోకాళ్లు పోయాయి, బస్టాపు దాకా నడవలేక రెండేళ్లుగా మా ఇంటికి రావడమే మానేసింది.

రిటైరయ్యాక బాపు ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. దసరాకు సరిగ్గా పదిహేను రోజుల ముందు. కొన్న రోజే అత్తకు ఫోన్ చేశాడు. "అక్కా, దసరా నాడు పదకొండు గంటలకల్లా నీ గడప ముంగట ఉంట. ముంగటి సీట్ల కూసోవెట్టి తోల్కొస్త." ఫోన్ పెట్టేసి పోయి, గోడ మీది క్యాలెండర్‌లో దసరాకు సున్నా చుట్టాడు.

బస్సు నడిపిన రోజులనుంచీ బాపుకు ఒక పద్ధతి ఉంది. దసరాకు అందరూ బండ్లకు పూజ చేసి బానెట్ మీద బొట్టు పెడతారు. బాపు బానెట్ ఎత్తి ఇంజిన్‌కు పెడతాడు. "బరువు గుంజేది గది. బొట్టు దానికి వెట్టాలె గని మీది రేకుకు వెడితే ఏం లాభం?" అంటాడు. సరే, పండగ పొద్దున నేను బానెట్ ఎత్తి చూశాను. ఆయిలు, దుమ్ము, ఎండుటాకులు కలిసి ఇంజిన్ మీద పిడక మందాన పేరుకున్నాయి. బొట్టు పెట్టడానికి వేలెడు జాగా లేదు. బాపు పూలకూ గుమ్మడికాయకూ బజారుకు పోయాడు. ఆయన వచ్చేలోపు ఇంజిన్‌ను మెరిపించి ఆశ్చర్యపరచాలనే పాడు బుద్ధి నాకు అప్పుడే పుట్టింది.

ఇంజిన్ కడగడం ఎలాగో ఫోన్‌లో వీడియో చూశాను. అన్నీ పద్ధతి ప్రకారమే చేశానని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. ఇంజిన్ చల్లగా ఉందా అని చెయ్యి పెట్టి చూశాను. బ్యాటరీ నల్ల వైరు ఊడదీశాను. కరెంటు సామాన్లన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగాను. పైపుతో ధారగా కొట్టకూడదన్నారు, కాబట్టి చెంబుతో కొంచెం కొంచెం చల్లాను. వీడియో చివర్లో ఇంకేదో జాగ్రత్త చెప్పబోతున్నాడు గానీ, ఇంత తెలివిగలదాన్ని, అంతా అర్థమైపోయిందని కట్టేశాను.

అమ్మ వాకిట్లోకి వచ్చి నోరు వెళ్లబెట్టింది. "ఇంజిన్‌ల నీళ్లు వోస్తున్నవేందే?"

"అమ్మా, నేను బీఎస్సీ చదివిన."

"బీఎస్సీల కార్లు కడుగుడు చెప్పిన్రా?"

"నువ్వు జర ఊకో. ఆ షాంపూ అందుకో."

అమ్మ అందించింది. చివరికి హెడ్‌లైటు వెనక గాలి పీల్చే గొట్టం మిగిలింది. అందులోకి నీళ్లు పోకూడదని వీడియోలో మూడుసార్లు చెప్పాడు. చూస్తే నా ఐదు కవర్లూ అయిపోయాయి. తల తిప్పకుండానే వెనక్కి చెయ్యి చాపి బట్టలారేసే తీగె మీద ఏది అందితే అది లాగి, ఆ గొట్టంలో గట్టిగా కుక్కాను. తర్వాత అరగంట బ్రష్షు పెట్టి తోమిన తోముడుకు, బిందెలు కూడా అంత తెల్లబడవు. పొడి గుడ్డతో తుడిచాను. కవర్లు లెక్కపెట్టి మరీ తీశాను. ఐదు తొడిగాను, ఐదు తీశాను. వైరు మళ్లీ బిగించాను. నా జాగ్రత్తకు నాకే ముచ్చటేసింది.

బాపు వచ్చి బానెట్‌లోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయాడు. "మన బండేనా బిడ్డా ఇది?" అని నా తల నిమిరాడు. నేను గాల్లో తేలాను. ఇక్కడితో కథ అయిపోయి ఉంటే ఎంత బాగుండేదో!

బాపు స్నానం చేసి కొత్త అంగీ, పంచె వేసుకుని బయటికొచ్చాడు. "నా తువ్వాల ఏది?"

పచ్చ అంచు కొత్త తువ్వాల. గరుకు పోవాలని అమ్మ ముందురోజే నీళ్లలో జాడించి తీగె మీద ఆరేసింది. భుజం మీద తువ్వాల లేకపోతే బాపుకు అంగీ లేనట్టే. ఇల్లంతా వెతికాం. నిజం చెబుతున్నాను, అందరికంటే ఎక్కువ వెతికింది నేనే. మేడెక్కి చూశాను, మంచం కింద దూరాను, పక్కింటి ఖాదర్ చాచా వాళ్ల గోడ మీంచి కూడా తొంగిచూశాను. చివరికి తీర్పు కూడా నేనే చెప్పాను.

"కోతి ఎత్కపోయింది బాపు."

"పండుగ పూట కోతికి నా తువ్వాలనే దొరికిందా?" అని బాపు నొచ్చుకుని, ఉత్త భుజంతోనే పూజకు కూర్చున్నాడు. ఇంజిన్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. పదింటికి స్టీరింగుకు దండం పెట్టి చాబీ తిప్పాడు.

గుర్ర్ గుర్ర్ గుర్ర్, తుస్.

మళ్లీ తిప్పాడు. మళ్లీ తుస్. అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"తడి ఎక్కింది," అంది అమ్మ. "నేను ముందే చెప్పిన."

"ఎక్కలే! అన్నిటికి కవర్లు తొడిగిన. ఐదు తొడిగిన, ఐదు తీసిన!"

అప్పుడే అత్త ఫోన్. బాపు ముఖం పాలిపోయింది. ముప్ఫై ఏళ్లలో బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి, కదలని కారులో కూర్చుని, "బయల్దేరినం అక్కా," అన్నాడు.

అమ్మ లోపలికి పోయి నిప్పుల కుంపటి, సాంబ్రాణి పట్టుకొచ్చింది. బానెట్ దగ్గరికి పోయి బుస్సున పొగ లేపింది. "తలకు వోసినంక సాంబ్రాణి వొగ వెట్టకపోతే తడి ఎట్ల ఆరుతది?" అంది, ఇంజిన్ నిన్ననే పుట్టిన పసిబిడ్డ అయినట్టు.

బాపు కారులోంచి ఒక్క దూకు దూకాడు. "పెట్రోల్ బండి దగ్గర నిప్పులా! అందరిని పైకి పంపుతవా ఏంది?" కుంపటిని లాక్కుని పరుగెత్తుకుంటూ పోయి వీధి చివర పెట్టాడు. మళ్లీ ఫోన్ మోగింది. "తొవ్వల ఉన్నం అక్కా," అన్నాడు ఆయాసపడుతూ. కుంపటి మోసుకుంటూ వీధిలో పరుగెత్తాడు కాబట్టి, దారిలో ఉన్నామన్నది పూర్తిగా అబద్ధం కాదేమో.

ఖాదర్ చాచా గోడ దూకి వచ్చాడు. "ఫికర్ జెయ్యకు భాయ్, నూకుదాం. ముందుగాల నిమ్మకాయలు తొక్కియ్యాలె, టైమ్ దాటిపోతుంది." చాచా, అమ్మ, నేను, జమ్మి కోసం పోతున్న నలుగురు కలిసి నెట్టాం. కారు నిమ్మకాయలను తొక్కింది. మహా గొప్పగా తొక్కింది. ఒకసారి దగ్గింది, మూడడుగులు పోయి ఆగిపోయింది. బాపు స్టీరింగు మీద తల ఆనించాడు. అత్త పొద్దుటినుంచీ పట్టుచీర కట్టుకుని గడపలో కుర్చీ వేసుకుని కూర్చుందని ఫోన్‌లో చెప్పిందట. ఆ మాట బాపు నాకు చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన్ను ఆశ్చర్యపరుద్దామని పోయి, ఆయన ఎన్నేళ్ల ఆశనో నీళ్లలో కలిపానని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇక మెకానిక్ శంకరన్నను పిలుచుకొచ్చాను. అన్న కొత్త బట్టల్లో వచ్చాడు, ఉత్త చేతులతో.

"నట్లు విప్పే పానలేవన్నా?" అడిగాను.

"ఇయ్యాల ముట్ట, చెల్లే. అన్నిటికి బొట్టు వెట్టి పూజల వెట్టిన. రేపటిదాక కదిలియ్య."

"అవ్, ముట్టొద్దు. తప్పు," అన్నాడు బాపు. కారు కదలకపోయినా ఫరవాలేదు గానీ ఆయుధపూజ నాడు పనిముట్టు ముడితే ఆయన ఒప్పుకోడు. ఇద్దరు పెద్దమనుషులూ ఇంజిన్ ముందు చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డారు.

"పానలు పూజల ఉన్నయ్, మంచిదే," అన్నాడు చాచా. "చెవులు గూడ పూజల వెట్టినవా? విను జర!"

శంకరన్న నవ్వి, చాబీ తిప్పమని చెవి పెట్టాడు. గుర్ర్ గుర్ర్, తుస్. "తడి గాదు," అన్నాడు. నేను అమ్మ వైపు గర్వంగా చూశాను. "దీనికి గాలి అందుతలేదు." హెడ్‌లైటు వెనక్కి చెయ్యి దూర్చాడు. "గీడ ఏందో మెత్తగ తాకుతుంది."

"ఎలుకనా?" అంది అమ్మ. చాచా రెండడుగులు వెనక్కి వేశాడు.

శంకరన్న మెల్లగా లాగాడు. ముందు ఒక పచ్చ అంచు బయటికొచ్చింది. తర్వాత ఇంకొంచెం, ఇంకొంచెం. వీధంతా మెడలు చాచి చూసింది. లాగినకొద్దీ వస్తూనే ఉంది. తల తిప్పకుండా తీగె మీదికి చాపిన నా చెయ్యి నాకప్పుడు గుర్తొచ్చింది. మంట మండాలంటే గాలి కావాలని ఆరో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పే మహాతల్లిని నేనే.

బాపు తువ్వాలను చూశాడు. నన్ను చూశాడు. తిడతాడని తల వంచుకున్నాను.

"కోతి మంచిగనే దాచింది," అన్నాడు.

చాచా గోడ పట్టుకుని నవ్వాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు ఆ మసి తువ్వాలను పిండి, దులిపి, దర్జాగా భుజం మీద వేసుకున్నాడు. చాబీ తిప్పాడు. ఒక్క తిప్పుకే కారు గుర్రుమంది.

కందుకూరు చేరేసరికి పన్నెండున్నర. అత్త అదే కుర్చీలో, అదే పట్టుచీరలో ఉంది. "పది గంటల సంది బయల్దేరుతనే ఉన్నర్రా!" అని మొదలుపెట్టింది. అంతలో కారు సరిగ్గా ఆమె గడపకు మూరెడు దూరంలో ఆగింది. అత్త కారు వైపు చూసింది, గడప వైపు చూసింది. "వచ్చినవ్ రా తమ్మీ," అంటూ కుర్చీలోంచే చెయ్యి చాపింది.

బాపు కళ్లు తుడుచుకున్నాడు. దేంతో అనుకున్నారు? ఆ తువ్వాలతోనే! రెండు బుగ్గలకూ మీసాలకు పోటీగా నల్లటి చారలు పడ్డాయి. అత్త ఏడుస్తూనే పకపకా నవ్వి, పట్టుచీర కొంగుతో తమ్ముడి ముఖం తుడిచింది.

ఆ తువ్వాల ఇప్పటికీ ఉంది. దసరాకు బాపు ఇంజిన్‌కు ఒక బొట్టు, దానికో బొట్టు పెడతాడు. "గిది గూడ బండి సామానే," అంటాడు. ఆయన ఇంజిన్ కడుగుతున్నంతసేపూ నేను అల్లంత దూరాన రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి, అదీ షరతు. అందుకే ఈ సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నేను ఇంజిన్ కడగను, తల తిప్పకుండా తీగె మీద చెయ్యి వేయను, చేయని నేరాన్ని ఏ కోతి మీదా మోపను.