మారేడు చెట్టుకు పోవాల్సిన నీళ్లు

ఇది ముందే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. అది సగం నిజం. రాయడం వచ్చాక కూడా చాలా కాలం రాయలేదు. నాకు అక్షరాలు నేర్పింది అమ్మగారు. ఆమె నేర్పిన అక్షరాలతో ఆమె గురించే, అందులోనూ ఈ సంగతే రాయాలని కూర్చుంటే చెయ్యి వెనక్కి పోయేది. ఒత్తులు కూడా సగంలోనే ఆగిపోయాయి. మిగతావి ఫిల్మ్‌నగర్ గోడల మీద సినిమా పోస్టర్లు చూస్తూ, కూరగాయలు చుట్టిచ్చిన పేపర్లు విప్పి చదువుతూ నా అంతట నేనే పూర్తి చేసుకున్నాను. ఇప్పుడు ఈ మాటలు పూర్తిగా ఆమెవి కావు అనిపించాక రాస్తున్నాను.

అమ్మగారి ఇల్లు జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్ వైపు దిగే వాలు మీద ఉంటుంది. సార్ సినిమాలు తీస్తారు. బండను తొలిచి కట్టిన ఇల్లు. రోడ్డు మీంచి చూస్తే రెండంతస్తులు, వెనక నుంచి చూస్తే మూడు. ఆ కింది అంతస్తులో సార్ వాళ్లు సినిమాలు వేసుకుని చూసుకునే చిన్న థియేటర్, దాన్ని ఆనుకుని నా గది. నా భర్త పోయాక సిద్దిపేట దిక్కు నుంచి వచ్చి ఇక్కడ వంటపనిలో చేరితే ఆ గది ఇచ్చారు. లోపల్నుంచి గడియ పెట్టుకుని పడుకోగలిగిన గది నాకు అదే మొదటిది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు తుడిచేదాన్ని. అమ్మగారు గ్లాసులో వేలు ముంచి గట్టు మీద ఒక అక్షరం రాసేవారు. అది ఆరిపోయేలోగా పక్కనే నేను రాయాలి. ఎండాకాలంలో నా చెయ్యి తిరిగేసరికే అక్షరం మాయమయ్యేది. "ఆరిపోతోంది, త్వరగా" అని ఆమె నవ్వేవారు. పలక కొనలేక కాదు. "పలక పట్టుకుని కూర్చుంటే నీకు సిగ్గేస్తుంది. ఇదైతే ఎవరైనా వస్తే చేత్తో తుడిచేయొచ్చు" అన్నారు. నా సిగ్గు గురించి అంత ఆలోచించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఇది కూడా రాయాలి. వదిలేస్తే మిగతాది అబద్ధమవుతుంది.

నా మంచం పక్క గోడ ఒక వానాకాలంలో నానడం మొదలైంది. వానలు పోయాయి, చెమ్మ పోలేదు. రంగు పొక్కులు లేచి పెచ్చులుగా దుప్పటి మీద రాలేది. దిండుకు పులిసిన వాసన పట్టింది. తర్వాత చీమలొచ్చాయి. బారులు తీరి సరిగ్గా చెమ్మ ఉన్న చోటికే పోయేవి. సోమవారం, మంగళవారం మరీ ఎక్కువ. తడిగోడకు చీమలెందుకో నాకు అంతు పట్టలేదు.

"అక్కా, మనుషులకు చాలదని చీమలకు గూడ వండి పెడుతున్నవా ఏంది?" అని డ్రైవర్ ఎగతాళి చేసేవాడు.

"నువ్వు తిన్నంక ఏమన్న మిగిలితే గద వాటికి" అనేదాన్ని.

అమ్మగారికి చూపించాను. గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, ఎవరినైనా పిలిపిస్తానన్నారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "నువ్వు లోపల బట్టలు ఉతుకుతున్నావా?" అని అడిగారు.

నాకొక నీలం ప్లాస్టిక్ టబ్బు ఉండేది. గదికి ఆనుకున్న స్నానాల గదిలో దాంట్లోనే ఉతుక్కునేదాన్ని. అదే చెప్పాను.

"ఆ నీళ్లే గోడకు ఎక్కుతున్నాయి. ఇక మీదట బయట ఉతుక్కో. తినేవి కూడా గదిలో దాచుకోకు, చీమలు పడుతున్నాయి."

నేను నమ్మాను. అంత చదువుకున్న ఆమె చెప్పాక నమ్మకుండా ఎలా ఉంటాను? టబ్బు నెత్తిన పెట్టుకుని గేటు పక్క కొళాయి దగ్గరికి పోయేదాన్ని. సార్‌ని కలవడానికి వచ్చి నిలబడ్డ మగవాళ్ల ముందు నా లోపలి బట్టలు చీర కొంగు చాటున ఉతికేదాన్ని. స్నానం కూడా తగ్గించాను. గోడ మాత్రం ఆరలేదు. అది చూసి, నేనింకా ఏదో తప్పు చేస్తున్నాననే అనుకున్నాను.

ఒకరోజు డ్రైవర్ నా మొహం చూడకుండా చెప్పాడు. "ఏమనుకోకక్కా. నీ వల్లనే గోడ కరాబైందని అమ్మగారు కారులో సార్ చెల్లెతోని అంటుండె. నిన్ను బయట కిరాయికి ఉండుమంటరట."

ఆ మధ్యాహ్నమే అమ్మగారు నాకు ఒత్తులు మొదలుపెట్టారు. ఎప్పటిలాగే వేలు ముంచి, ఎప్పటిలాగే నవ్వుతూ. డ్రైవర్ ఏదో తప్పుగా విని ఉంటాడని సర్దుకున్నాను.

అతను విన్నది తప్పు కాదు. థియేటర్‌లో నా గది వైపు గోడకు బిగించిన చెక్క ఉబ్బింది. సార్ సినిమా ఆఖరి దశలో ఉంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఆ థియేటర్‌లో చూసి పోతున్నారు. అమ్మగారు నన్ను పిలిచి, నెలాఖరుకు గది ఖాళీ చేసి బయట్నుంచి పనికి రమ్మన్నారు. నీకూ హాయి అని కూడా అన్నారు.

"నేను లోపల నీళ్లే వాడుతలేను గదమ్మా."

"వాడకపోతే ఎందుకు నానుతుంది?" అన్నారు.

థియేటర్ చూసుకునే మేనేజర్ ఎవరినీ అడగకుండానే ఆదివారం పొద్దున లీకులు కనిపెట్టే అతన్ని తీసుకొచ్చాడు. అతను చిన్న కెమెరా నా గోడ వైపు పెడితే, చెమ్మ ఉన్నంత మేరా తెర మీద నీలంగా కనిపించింది. ఆ నీలం నా మంచం పక్క నుంచి పైకి పోయి కప్పులో కలిసింది.

"ఈ అక్క గదికెల్లి కాదు. నీళ్లు గింత ఎత్తుకు ఎక్కవు. పైకెల్లి దిగుతున్నయి" అన్నాడు.

ఆ మాటతో నా ప్రాణం లేచి వచ్చింది. అమ్మగారి వైపు చూశాను. ఆమె ఫోన్ చూసుకుంటున్నారు.

అతను పైన కొళాయిలన్నీ కట్టించి, చేతి పంపుతో పైపుల్లోకి నీళ్లు నొక్కి, గడియారంలాంటి దాని ముల్లు పడుతుందేమోనని చూశాడు. పడితే ఏదో పైపు కారుతున్నట్టట. పడలేదు. స్నానాల గదుల్లో, వంటింట్లో నీళ్లు పోయే జాలీల్లో ఆకుపచ్చ రంగు నీళ్లు పోసి, కిందికి వచ్చి నా గోడ ముందు కూర్చున్నాడు. రంగు రాలేదు.

"ఇంకెక్కడన్న నీళ్లు పోస్తుండ్రా అమ్మా?"

"లేదండీ, అంతే" అన్నారు అమ్మగారు.

మరిచిపోయారేమో అనుకున్నాను. గుర్తు చేస్తే సంతోషిస్తారనుకున్నాను. "దేవుని గది ఉన్నది గదమ్మా" అన్నాను.

నా గదికి సరిగ్గా పైన దేవుడి గది. గ్రానైట్ అరుగు మీద శివలింగం. అభిషేకం చేసిన నీళ్లు మురికి కాలువలో కలవకూడదని అరుగు పక్కన వేరే రంధ్రం పెట్టి, గోడ లోపల్నుంచి సన్నటి పైపు వేసి, ప్రహరీ పక్క మారేడు చెట్టు మొదట్లోకి వదిలారు. రోజూ మామూలు నీళ్లు, సోమవారం పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. అది దేవుడి దారి. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పైపుల లెక్కలో వేయరు. ఈ మధ్య ఆ చెట్టు ఆకు రాలుస్తుంటే ఎండలకని నేనే చెంబుతో నీళ్లు పోస్తున్నాను.

"దేవుడి దగ్గర రంగు నీళ్లు ఎలా పోస్తారండీ" అన్నారు అమ్మగారు.

"కుంకుమ కలిపి పొయ్యండ్రమ్మా. శివయ్యకు కుంకుమ కొత్తనా?" అన్నాడు అతను.

కాదనడానికి లేకపోయింది. కుంకుమ నీళ్లు నేనే పోశాను. అందరం కిందికి వచ్చి నిలబడ్డాం. కాసేపటికి నా దిండుకు పైన గోడ మీద ఎర్రటి చార ఒకటి మెల్లగా దిగింది. దాని వెనకే పులిసిన వాసన.

అప్పుడే సార్ మెట్లు దిగి వచ్చారు. గోడ చూసి అమ్మగారితో, "ఇప్పుడెందుకు పిలిపించావు ఇతన్ని? గోడ నానగానే పిలిస్తే, పైపు విరిగిందని అరుగు వేసినతను అప్పుడే చెప్పాడుగా. రిలీజయ్యేదాకా దేవుణ్ణి కదపకూడదని అనుకున్నాం కదా" అన్నారు. దాచాల్సిన మాట అని ఆయనకు తెలియదు. ఈ రోజు పప్పేంటి అన్నంత మామూలుగా అన్నారు.

మేనేజర్ నేల చూశాడు. అమ్మగారు మెట్లెక్కి వెళ్లిపోయారు.

నేను ఆమె వెనకే వంటింట్లోకి వెళ్లాను. "నాకెందుకు చెప్పలేదమ్మా? చెప్తే నేనేమన్న లొల్లి చేస్తుంటినా? రిలీజు దాకా ఆ తడిగోడ పక్కనే పండుకుంటుంటి."

"సిద్ధాంతిగారు అరుగు ముట్టుకోవద్దన్నారు. ఆ శివుడు అక్కడికొచ్చాకే పోయిన సినిమా ఆడింది, నీకు తెలుసుగా."

"అది సరే. మరి నా మీదెందుకు పెట్టిండ్రు?"

ఆమె గట్టు మీది గ్లాసు పక్కకు జరిపారు. "మా ఆడపడుచు అడిగింది, గోడెందుకు నానిందని. దేవుడి గదిలో పైపు విరిగిందంటే సినిమా ముందు అపశకునం అంటుంది, ఊరంతా చెబుతుంది. అడిగినవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా. నీ పేరు చెబితే ఎవరూ పెద్దగా పట్టించుకోరని..."

మాట అక్కడ ఆపేసి, "గది ఖాళీ చేయక్కర్లేదులే, ఉండు" అన్నారు. నేను కదలకపోయేసరికి గ్లాసు దగ్గరికి లాక్కుని, వేలు ముంచి గట్టు మీద ఒక ఒత్తు రాశారు. "రా, మొన్న ఆపేశాం కదా."

నేను చెయ్యి చాచలేదు. అది అంచుల నుంచి ఆరుతూ వచ్చి మాయమయ్యేదాకా ఇద్దరం చూస్తూ ఉన్నాం.

మర్నాడు సోమవారం. పొద్దున్నే నీలం టబ్బును చింతపండుతో తోమి కడిగాను. దేవుడి గదిలో ఆ రంధ్రంలో గుడ్డ కుక్కి, శివుడి మీంచి నీళ్లు జారే చోట టబ్బు పెట్టాను.

అమ్మగారు తడి జుట్టుతో వచ్చి ఆగిపోయారు. "దేవుడి గదిలో బట్టల టబ్బా?"

"తోమి తెచ్చిన. ఇయ్యాల నీళ్లు గోడలకు పోవు."

ఆమె గుడ్డ వైపు చూసి, కూర్చుని అభిషేకం చేశారు. పాలు, తేనె అన్నీ టబ్బులోకే జారాయి. దాన్ని నడుముకు ఎత్తుకుని వెనక మెట్ల వైపు పోకుండా హాల్లోంచే నడిచాను. సార్, ఆయనతో కాఫీ తాగుతున్నవాళ్లు మాటలాపి చూశారు. మారేడు చెట్టు మొదట్లో మొత్తం పోశాను. మట్టి ఎంత ఎండిపోయిందో, నీళ్లు నిలవనే లేదు.

టబ్బు కడిగి దేవుడి గది గుమ్మం దగ్గర బోర్లించాను. "రేపటికెల్లి మీరే మొయ్యండ్రమ్మా. టబ్బు మీకే ఉండనియ్యండ్రి."

గది తాళం దాని మీద పెట్టాను. గేటు దగ్గర డ్రైవర్ నా ట్రంకు పెట్టె అందుకోబోయాడు. "అక్కా, కార్ల దింపుతా, ఎక్కు."

"వద్దు తమ్మీ. ఈడికెల్లి అంతా దిగుడే గద" అని పెట్టె నెత్తిన పెట్టుకుని ఫిల్మ్‌నగర్ వైపు దిగాను. కొళాయి లోపలే ఉన్న గది దొరికేదాకా ఆ పొద్దున ఇల్లిల్లూ అడిగాను.