మూడో కొక్కేనికి తాళం

చీకట్లో ఏదో కదిలిందని ఎవరైనా అంటే, ముందు బల్బు మార్చుకోమని చెప్పే రకం నేను. మాది కడప. చిన్నప్పుడు దెయ్యాల కథలు కావలసినన్ని విన్నాను, ఒక్కటీ నమ్మలేదు.

కొత్తగూడ దగ్గర ఒక ఐటీ పార్కు వెనుక ఉన్న చిన్న గ్యాస్ కరెంటు ప్లాంటులో షిఫ్టు ఇంజనీర్ని. మా ఇంజన్లు పగలంతా ఊరికే ఉంటాయి. సాయంత్రం ఎండ పోగానే సోలార్ కరెంటు పడిపోతుంది. ఆఫీసుల్లో ఏసీలు మాత్రం ఆగవు, ఇళ్లలో లైట్లు వెలుగుతాయి. బొగ్గు ప్లాంట్లు అంత తొందరగా అందుకోలేవు. ఆ రెండు మూడు గంటల కోసమే మేము. గ్రిడ్ కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వస్తే పది నిమిషాల్లో కరెంటు ఇవ్వాలి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంజన్ గదిలోకి ఎవరు వెళ్లినా తన సొంత తాళం స్టార్టింగ్ బోర్డు మీది ఒక కొక్కేనికి వేసి, తాళంచెవి వెంట తీసుకెళ్లాలి. ఒక్క తాళం ఉన్నా ఇంజన్ స్టార్టు చేసే మీట కదలదు. వేసినవాడే తీయాలి. పాత ఫిట్టర్ నర్సింహ ఈ విషయంలో కొత్తవాళ్లను కాల్చుకు తినేవాడు.

మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆరున్నరకు ఫోన్ వచ్చింది. అప్పుడే హెల్పర్ రమేష్ పని అయిపోయిందని చెప్పి, తన తాళం తీసుకుని టీకి వెళ్లాడు. నేను మీట మీదికి చేయి చాచాను. మూడో కొక్కేనికి ఇత్తడి తాళం, దానికి ఆకుపచ్చ దారం.

 అది నర్సింహ తాళం. ఆయన రెండేళ్ల కిందట గుండెపోటుతో ఇంట్లోనే పోయాడు. ప్లాంటులో ఆయన బీరువాలో తెరిచి ఉన్న ఆ తాళాన్ని, దినం నాడు బాచుపల్లి వెళ్లి ఆయన భార్య చేతిలో పెట్టింది నేనే.

ఫోన్ మళ్లీ మోగింది. ఆలస్యమెందుకని కంట్రోల్ రూమ్ వాళ్లు గట్టిగా అడిగారు. తాళం ఉంది, కుదరదన్నాను. వెళ్లి గది తలుపు తీశాను.

ఇంజన్ పక్కన, తిరిగే చక్రం కింద పడుకుని ఇంకో హెల్పర్ యాదగిరి బోల్టు బిగిస్తున్నాడు. నీ తాళమేదని అడిగాను.

"మియాపూర్ల రూములనే మర్చిపోయిన సార్. ఇద్దరం రమేష్ తాళం మీదనే వచ్చినం."

తన వెనకే యాదగిరి కూడా వచ్చేశాడనుకున్నాడు రమేష్. యాదగిరిని లేపి బయటికి నడిపించాను.

బయటికి వచ్చేసరికి మూడో కొక్కెం ఖాళీ. కెమెరా రికార్డింగులో చూశాను. ఖాళీ బోర్డు ముందు నేను చేయి చాచి ఆగిపోవడమే ఉంది. పని ఒత్తిడిలో ఏదో భ్రమపడ్డానని సర్దిచెప్పుకున్నాను.

మనసాగక మర్నాడు నర్సింహ భార్యకు ఫోన్ చేసి, ఆ తాళం ఉందా అని అడిగాను. 

"ఈడనే ఉంది సార్. ఆయన గుర్తుగ కిటికీ ఊసకు ఏసిన. చెవి ఆయన మొలతాడుకే ఉండె, ఆయనతోటే కాలిపాయె. తీసేటందుకు లేదు. నిన్న దీపం పెట్టేటప్పుడు చూస్తే తెరుసుకోని ఉంది. మీకెట్ల తెలిసింది సార్?"