ఇతరుల పేర్లతో రాసిన మా చిన్నాయన

మా చిన్నాయన పోయిన నెల మార్కాపురంలో మా ఇంట్లోనే కన్నుమూశారు. ఉబ్బసం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. ఆ పొద్దున కాఫీ తాగి, పత్రిక విప్పి, కళ్లజోడు అడిగారు. నేను తెచ్చేలోగా అయిపోయింది. ఈ ఊళ్లో ఆయన్ను అర్జీలు రాసిపెట్టే పెద్దమనిషిగానే ఎరుగుదురు. అంతకుముందు మద్రాసులో ఏం చేశారో చాలామందికి తెలియదు.

చదువు సగంలో ఆపి, దొనకొండలో రైలెక్కి మద్రాసు చేరి, సినిమావాళ్ల గుట్లు వేసే ఒక వారపత్రికలో కుదిరారు. ఎవరి కారు ఎవరి ఇంటిముందు ఆగిందో రాయడమే పని. మా నాయనకది నచ్చేది కాదు.

"ఊరోళ్ల ఇండ్లల్లోకి తొంగిచూసేదానికా నిన్ను చదివించింది?" అని ఒకసారి అందరి ముందే అడిగినారు. చిన్నాయన తల వంచుకుని అన్నం తిన్నారు.

ఒక నటి కడుపుతో ఉండి షూటింగులు మానిందని ఆయన రాశారు. నిజానికామె టైఫాయిడ్‌తో మంచాన ఉంది. ఆ రాతతో చేతిలోని వేషాలు పోయాయి. లేచి నడవగలిగిన రోజే ఆమె పత్రిక ఆఫీసుకు వచ్చింది.

"నన్నెప్పుడైనా చూశారా?"

"లేదమ్మా."

"చూడకుండా ఎలా రాశారు?"

ఈ సంగతి ఆయనే నాకు చెప్పారు. "కుర్చీ జరిపినానమ్మీ. ఆయమ్మ కూచోకుండా గోడ పట్టుకోని నిలబడింది. జొరం ఇంకా పోనేలేదు."

తప్పు ఒప్పుకుంటూ నాలుగు వాక్యాలు రాసిస్తే యజమాని వేయనన్నాడు. చిన్నాయన ఉద్యోగం మానేసి, ఆ మాట చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్లారు. "అయితే నా కథ మీరే రాయండి, నా పేరుతో" అందట ఆమె. అది వేరే పత్రికలో వారం వారం వచ్చింది, తర్వాత పుస్తకమైంది. జనం చదివారు. వేషాలు తిరిగి వచ్చాయి. ఆ తర్వాత ఇంకొందరు నటులూ తమ కథలు రాయడానికి ఆయన్ను పిలిపించుకున్నారు. ఒక్క పుస్తకం మీదా ఆయన పేరు లేదు.

"అడగలేకపోయినావా చిన్నాయనా?" అన్నాను ఒకసారి.

"బతికింది వాళ్లు గదా. నేను రాసినోణ్ణే."

ఉబ్బసం ముదిరి ఇంటికొచ్చాకా, మనిషి చెప్పింది విని రాసే ఆ పద్ధతి పోలేదు. పలకల గనిలో భర్తను పోగొట్టుకున్న ఒకామె అర్జీకి వస్తే, "ముందు నీ మొగుడు ఎట్లాంటోడో చెప్పు తల్లీ" అన్నారు. ఆమె గంటసేపు చెప్పింది. ఆయన రాసింది అరపేజీ.

పెద్దకర్మ రోజు ఆ నటి మద్రాసు నుంచి వచ్చి, ఆడవాళ్ల మధ్య చాపమీద కూర్చుంది. మీ పుస్తకంలో మీ అమ్మగారి గురించి చదివి ఏడ్చానని చెప్పాను. ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది.

"మీకు చెప్పలేదా? మా అమ్మ నన్ను కనగానే పోయింది. ఆవిడ గురించి ఏం రాయమంటారని మీ చిన్నాయన అడిగారు. మీకు తోచింది రాయండన్నాను."

ఆమె వెళ్లాక పుస్తకంలో ఆ అమ్మ గురించిన చోటు తీసి నాయనకు చదివి వినిపించాను. మా అవ్వ పోయినప్పుడు చిన్నాయన మద్రాసులో ఉన్నారు. ఆఖరి చూపు దక్కలేదు. రెండో పేజీకే నాయన "మాయమ్మ" అన్నారు. ఆ పేజీలో, గడపలో కూర్చుని, చేటలో కొర్రలు పోసుకుని, వంకర చిటికెనవేలితో రాళ్లు ఏరుతూ, అడుగుల చప్పుడుకు తలెత్తకుండానే "వచ్చినావా నాయనా, కాళ్లు కడుక్కో" అంటోంది మా అవ్వ.